పంపు ఆగాక పైపులో ఏం జరుగుతుంది: వాటర్ హామర్ లెక్క

మీటరు వ్యాసం, మూడు కిలోమీటర్ల పొడవు ఉన్న ఉక్కు పైపు నిండా పట్టే నీటి బరువు దాదాపు 2,350 టన్నులు. ఎత్తిపోతల పథకంలో ఆ నీరంతా సెకనుకు 1.5 మీటర్ల వేగంతో డెలివరీ సిస్టర్న్ (పై చివర నీరు పడే తొట్టి) వైపు పోతుండగా కరెంటు పోయిందనుకుందాం. ఒకటి రెండు సెకన్లలో పంపు నెట్టడం మానేస్తుంది. నీరు మాత్రం ఒక్కసారిగా ఆగదు. గూడ్సు బండిని వెనక నుంచి నెట్టే ఇంజిన్ ఆగిపోతే పెట్టెల మధ్య కొక్కేలు ఒక్కొక్కటిగా సాగినట్టు, పంపును ఆనుకున్న నీరు ముందు నెమ్మదిస్తుంది, దాని ముందున్నది ఆ తర్వాత. ఈ నెమ్మదింపు సెకనుకు కిలోమీటరు వేగంతో పైపు వెంట పరుగెడుతుంది. అది పోయిన చోటల్లా పీడనం పడిపోతుంది. అవతలి చివర తగిలి వెనక్కి వచ్చినప్పుడు పరిస్థితి తిరగబడి పీడనం ఎగబాకుతుంది.

ఇంజనీర్లు దీన్ని వాటర్ హామర్ అంటారు. పైపు చీలడం, వాల్వు బాడీ పగలడం, పల్చటి పైపు లోపలికి నొక్కుకుపోవడం, వంపుల దగ్గర కాంక్రీటు థ్రస్ట్ బ్లాకులు జరగడం దీని వల్ల వచ్చే నష్టాలు. దేవాదుల లాంటి పథకాల్లో గోదావరి నీరు పొడవాటి పైపులైన్లలో ఎక్కాలి కాబట్టి ఈ లెక్క తెలుగు నేలకు కొత్తదేమీ కాదు. అయినా దీన్ని ఒకే ఒక్క సూత్రంతో తేల్చేయడం, ఆ సూత్రం చెప్పిన అంకెనే గరిష్ఠమని నమ్మడం ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ నమ్మకం ఎక్కడ విఫలమవుతుందో ఒక ఉదాహరణను చివరిదాకా లెక్కగడితే తెలుస్తుంది.

ధ్వని సమీకరణమే

ప్రయాణించే పీడన మార్పునే భౌతికశాస్త్రం ధ్వని అంటుంది. పైపులోని ఈ అల చెవికి వినిపించనంత నిదానంగా ఊగుతుంది, అంతే తేడా. దీనికి కావలసిన సూత్రాలు రెండు. ఒక ముక్కలోకి వచ్చే నీరు, పోయే నీరు సమానం కాకపోతే ఆ ముక్కలో నీరు కుదించుకోవాలి, లేదా పైపు గోడ ఉబ్బాలి. రెండోది న్యూటన్ సూత్రం: ముక్క రెండు వైపులా పీడనం తేడా ఉంటే అందులోని నీటి వేగం మారుతుంది. ఘర్షణను పక్కన పెట్టి ఈ రెండింటినీ కలిపితే 1747లో డాలంబేర్ తీగ కంపనానికి రాసిన తరంగ సమీకరణమే వస్తుంది. దాని సాధన కూడా అదే. ఏ క్షణంలోనైనా పైపులోని స్థితి ముందుకు పోయే ఒక అల, వెనక్కు వచ్చే ఒక అల కలిసిన మొత్తం.

ఇందులోంచి నేరుగా వచ్చేది జుకోవ్‌స్కీ సూత్రం: పీడనంలో మార్పు = సాంద్రత × తరంగవేగం × ప్రవాహవేగంలో మార్పు. నికొలాయ్ జుకోవ్‌స్కీ 1897-98లో మాస్కో నగర నీటి పైపుల మీద ప్రయోగాలు చేసి దీన్ని నిర్ధారించాడు. మీటర్ల హెడ్‌లో, అంటే ఆ పీడనం నిలబెట్టగల నీటి ఎత్తులో కావాలంటే తరంగవేగాన్ని 9.81తో భాగించి, వేగంలో మార్పుతో గుణించాలి.

ఇక్కడ మొదటి చిక్కు తరంగవేగం. బయట సముద్రంలోనో చెరువులోనో నీటిలో ధ్వని సెకనుకు దాదాపు 1,480 మీటర్లు పోతుంది. పైపులో అంత పోదు, ఎందుకంటే పీడనం పెరిగినప్పుడు నీటితో పాటు గోడ కూడా సాగుతుంది. 1878లో కోర్టెవెగ్ ఇచ్చిన దిద్దుబాటు ఇది: నీటి స్థితిస్థాపక గుణకాన్ని (2.2 గిగాపాస్కల్) గోడ పదార్థపు గుణకంతో భాగించి, వ్యాసానికీ గోడ మందానికీ ఉన్న నిష్పత్తితో గుణించి, ఒకటి కలిపి, వర్గమూలం తీసి, దానితో 1,483ని భాగించాలి. మన ఉక్కు పైపు గోడ 10 మి.మీ., ఉక్కు గుణకం 200 గిగాపాస్కల్ అనుకుంటే నిష్పత్తి 100, కలిపిన మొత్తం 2.1, తరంగవేగం సెకనుకు 1,024 మీటర్లు. వ్యాసం మందానికి 25 రెట్లున్న పీవీసీ పైపైతే దాదాపు 340 మాత్రమే. హెచ్‌డీపీఈలో ఇంకా తక్కువ. అదే నీరు, అదే ప్రవాహవేగం ఉన్నా పీవీసీలో దెబ్బ ఉక్కులో పడే దానిలో మూడో వంతు. అలాగని పీవీసీ సురక్షితమని కాదు. దాని ఓర్పు కూడా తక్కువే, పైగా రోజుకు పలుమార్లు కరెంటు పోయి వచ్చే చోట ఆ చిన్న దెబ్బలే పదే పదే పడి పదార్థం అలసిపోతుంది.

గాలి ప్రభావం దీనికంటే పెద్దది. వాతావరణ పీడనం దగ్గర నీటిలో పరిమాణంలో 0.1 శాతం గాలి సన్నటి బుడగలుగా కలిసి ఉంటే చాలు, గోడ సాగకపోయినా తరంగవేగం 1,480 నుంచి సుమారు 310కి పడిపోతుంది. కుదించుకోవడంలో ఆ కొద్ది గాలి మొత్తం నీటిని మించిపోతుంది. కాబట్టి డిజైన్ రిపోర్టులో తరంగవేగం 1,023.7 అని దశాంశాలతో కనిపిస్తే ఆ దశాంశానికి అర్థం లేదు. 850, 1,024, 1,100 అని మూడు విలువలతో లెక్క నడిపి, ఏది ఎక్కువ ప్రమాదం చూపిస్తే దాన్ని తీసుకోవడం మేలు. తక్కువ వేగం ఎప్పుడూ మంచి ఫలితమే ఇవ్వదు. అలలు కలుసుకునే సమయం మారి ఒక్కోసారి పెద్ద దెబ్బ తగులుతుంది.

మన ఉదాహరణలో 1.5 మీటర్ల వేగం ఒక్కసారిగా సున్నా అయితే మార్పు 157 మీటర్ల హెడ్, అంటే 15 బార్లకు పైనే. ఒక్కసారిగా అంటే ఎంత? అల పైపు చివరిదాకా వెళ్లి తిరిగి వచ్చే సమయమే కొలబద్ద: 6,000 మీటర్లను 1,024తో భాగిస్తే 5.86 సెకన్లు. ఈ లోపు ఎంత నెమ్మదిగా మూసినా, ఎంత వేగంగా మూసినా వాల్వు దగ్గర దెబ్బ ఒకటే. తిరిగి వచ్చే అలకు మాత్రమే దాన్ని తగ్గించే శక్తి ఉంది, అది ఇంకా రాలేదు. పది సెకన్లలో మూసే వాల్వు పెట్టాం కదా అనుకోవడం కూడా మోసమే. గేటు, బటర్‌ఫ్లై వాల్వుల్లో ప్రవాహాన్ని గట్టిగా తగ్గించేది చివరి ఐదో వంతు కదలికే. కాగితం మీద పది సెకన్లు, నీటికి రెండు సెకన్లు.

ఒక పంపు ట్రిప్పు, లెక్కతో

ఇప్పుడు అసలు ఉదాహరణ. అర్థమయ్యేలా ఉండడానికి పైపు సమతలంగా ఉందని, చివర 60 మీటర్ల స్థిర హెడ్ ఉన్న ట్యాంకు ఉందని, ఘర్షణ లేదని, పంపు తక్షణం ఆగి నాన్ రిటర్న్ వాల్వు వెనక్కి చుక్క నీరు పోనివ్వదని అనుకుందాం.

సూత్రం ప్రకారం పంపు దగ్గర హెడ్ 157 మీటర్లు పడాలి. ఉన్నది 60. అంటే మైనస్ 97. నీటిలో ఇది జరగదు. వాతావరణ పీడనం సుమారు 10.3 మీటర్ల హెడ్, 30 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం అర మీటరు లోపు. కాబట్టి గేజ్ హెడ్ (వాతావరణ పీడనాన్ని సున్నాగా తీసుకుని కొలిచేది) మైనస్ 10 దగ్గరకు రాగానే నీరు ఆవిరవడం మొదలై పంపు పక్కన ఖాళీ ఏర్పడుతుంది. పీడనం అక్కడే ఆగిపోతుంది. పడింది 70 మీటర్లే కనుక వేగం తగ్గేది కూడా 0.67 మాత్రమే. నీటి స్తంభం ఇంకా సెకనుకు 0.83 మీటర్ల వేగంతో ముందుకే పోతూ, వెనక ఖాళీని పెంచుకుంటూ పోతుంది. దీన్నే కాలమ్ సెపరేషన్ అంటారు.

అల ట్యాంకును తాకి 5.86 సెకన్లకు తిరిగొచ్చేసరికి ఖాళీ పొడవు 4.86 మీటర్లు, ఘనపరిమాణం 3.8 ఘనపు మీటర్లు. ట్యాంకు 60 మీటర్లతో, ఖాళీ మైనస్ 10తో నీటిని వెనక్కి లాగుతున్నాయి. ఒక్కో రాకపోకకు వేగం 1.34 మీటర్లు మారుతుంది. 5.86 సెకన్ల దగ్గర ఖాళీ అంచున వేగం మైనస్ 0.51, అంటే నీరు వెనక్కి తిరిగింది. 11.72 సెకన్ల దగ్గర మైనస్ 1.85. మరో సెకనుకు, సుమారు 12.7 సెకన్ల దగ్గర, ఖాళీ పూర్తిగా మూసుకుని నీరు మూసి ఉన్న వాల్వును గుద్దుతుంది. 1.85 మీటర్ల వేగం సున్నా అయితే పెరుగుదల 193 మీటర్లు. మైనస్ 10 నుంచి లేచి 183 మీటర్లు.

ఇక్కడితో ఆగినవారికి లెక్క భద్రంగానే కనిపిస్తుంది. జుకోవ్‌స్కీ సూత్రంతో వచ్చే 60 + 157 = 217 కంటే 183 తక్కువే కదా. కానీ పైపులో ఇంకో అల తిరుగుతోంది. 11.72 సెకన్లకు ఖాళీ నుంచి బయల్దేరిన పాత అల ట్యాంకు దగ్గర తిరగబడి 70 మీటర్ల పెరుగుదలను మోసుకుంటూ 17.58 సెకన్లకు పంపు దగ్గరికి వస్తుంది. అక్కడ వాల్వు మూసి ఉంది. మూసిన చివర అల అదే గుర్తుతో వెనక్కి తిరుగుతుంది కాబట్టి పీడనం రెట్టింపవుతుంది: 140 మీటర్లు. అంతకుముందే ఉన్న 183తో కలిపితే 323 మీటర్లు. ఖాళీ మూసుకున్నప్పుడు పుట్టిన అల తిరిగొచ్చి దాన్ని దించేది 18.58 సెకన్లకు. అంటే ఒక్క సెకను పాటు 323 మీటర్ల పిడుగు. సూత్రం చెప్పిన 217కి ఒకటిన్నర రెట్లు.

ఘర్షణ కలిపితే శిఖరం కొంత తగ్గుతుంది. సమతలం కాని పైపులో కథ వేరుగా నడుస్తుంది: గట్టు మీద, మెరక మీద పీడనం ముందే తక్కువ కాబట్టి మొదటి ఖాళీ పంపు దగ్గర కాక ఆ మెరక దగ్గరే ఏర్పడుతుంది. అందుకే ఇలాంటి లైన్లకు పొడవాటి డ్రాయింగ్, అంటే నేల ఎత్తుపల్లాలతో గీసిన ఎల్-సెక్షన్, వ్యాసం కంటే ముఖ్యం. ఒక మెరకను రెండు మీటర్లు తప్పుగా సర్వే చేస్తే లెక్క మొత్తం తప్పుతుంది.

323 మీటర్లు ఈ గోడ మీద కలిగించే చుట్టు ఒత్తిడి దాదాపు 158 మెగాపాస్కల్, మామూలు ఉక్కు లొంగే 250 కంటే తక్కువ. అంటే పైపు గోడ తట్టుకోవచ్చు. ఫ్లాంజిలు, ఎక్స్‌పాన్షన్ జాయింట్లు, వాల్వు బాడీలు తట్టుకుంటాయని చెప్పలేం, అవి వేరే రేటింగుతో కొన్నవి. మైనస్ 10 వైపు కూడా చూడాలి. పొడవాటి గుండ్రటి ఉక్కు పైపు పూర్తి శూన్యానికి నొక్కుకుపోకుండా ఉండాలంటే వ్యాసం గోడ మందానికి సుమారు 160 రెట్లలోపు ఉండాలి. మన 10 మి.మీ. గోడకు ఆ నిష్పత్తి 100, పర్వాలేదు. 5 మి.మీ. గోడ వాడి ఉంటే 200, నొక్కుకుపోతుంది. మోసేటప్పుడు కొద్దిగా కోడిగుడ్డు ఆకారానికి వచ్చిన పైపైతే 160 కన్నా ముందే లొంగుతుంది.

కంప్యూటర్లో లెక్క నడిచే తీరు

పై లెక్క చేత్తో చేయగలిగింది పైపు ఒక్కటే కాబట్టి, ఘర్షణను వదిలేశాం కాబట్టి. అసలు లైన్లకు వాడేది లక్షణరేఖల పద్ధతి. దీని మూలం రీమన్ 1860లో గాలిలో బలమైన ధ్వని తరంగాల మీద చేసిన పని. 1960లలో స్ట్రీటర్ దీన్ని కంప్యూటర్ మీద పైపులకు వాడి వ్యాప్తిలోకి తెచ్చాడు. అంతకుముందు దశాబ్దాల పాటు ష్నైడర్, బెర్జెరాన్ల గ్రాఫు పద్ధతిలో కాగితం మీద వాలు గీతలు గీసి ఇదే పని చేసేవారు.

ఆలోచన ఇది. అలతో పాటు ప్రయాణిస్తూ చూస్తే పాక్షిక అవకలన సమీకరణాలు మామూలు అవకలన సమీకరణాలుగా మారతాయి. మన పైపును 100 మీటర్ల ముక్కలు 30 చేస్తే కాలపు అడుగు, అంటే లెక్క ఒక్కోసారి ముందుకు జరిగే సమయం, 100 ÷ 1,024 = 0.0977 సెకను. ప్రతి నోడ్ (ముక్కలు కలిసే బిందువు) దగ్గర కొత్త విలువల కోసం ఎడమ పక్క నోడ్ పాత హెడ్‌కు ఒక స్థిరాంకం × పాత ప్రవాహం కలిపి, ఘర్షణ తీసేస్తాం. కుడి పక్క నోడ్ పాత హెడ్ నుంచి అదే గుణకారం తీసేసి, ఘర్షణ కలుపుతాం. స్థిరాంకం తరంగవేగం ÷ (9.81 × వైశాల్యం), ఇక్కడ 132.9. రెండింటి సగటు కొత్త హెడ్, రెండింటి తేడాను 265.8తో భాగిస్తే కొత్త ప్రవాహం. అంతే. స్ప్రెడ్‌షీట్‌లో కూడా నడుస్తుంది.

నడిపే ముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది. పంపు ఆపకుండా, ఏ మార్పూ లేకుండా వంద కాలపు అడుగులు నడపాలి. హెడ్, ప్రవాహం కదలకూడదు. కదిలితే ఆరంభ స్థితిలో వాడిన ఘర్షణకూ లెక్కలో వాడుతున్న ఘర్షణకూ పొంతన లేదన్నమాట. ఇక ఆ తర్వాత వచ్చే శిఖరాలకు విలువ లేదు.

రెండో ప్రమాదం కాలపు అడుగు పొడవు. ఇలా పాత విలువల నుంచి కొత్త విలువలను నేరుగా లెక్కగట్టే (ఎక్స్‌ప్లిసిట్) పరిమిత భేద పద్ధతుల్లో కాలపు అడుగు అల ఒక ముక్క దాటే సమయాన్ని మించకూడదని 1928లో కూరాంట్, ఫ్రెడ్రిక్స్, లెవీ చూపారు. మించితే లెక్క పేలిపోతుంది, అది కనీసం కళ్లకు కనిపిస్తుంది. తక్కువైతే కనిపించని తప్పు జరుగుతుంది. అల రెండు నోడ్ల మధ్య పడుతుంది, ప్రోగ్రాం మధ్య విలువను సగటు తీసి నింపుతుంది, అల వాడి అంచు మొద్దుబారుతుంది. ఘర్షణ వల్ల అల చల్లారినట్టు అనిపిస్తుంది గానీ చల్లార్చింది సగటు. లైన్ చివర 430 మీటర్ల పీవీసీ ముక్క, 337 వేగంతో, కలిసిందనుకోండి. ఆ పొడవుకు అల 1.276 సెకన్లు తీసుకుంటుంది, అంటే 13.06 కాలపు అడుగులు. దాన్ని 13 ముక్కలు చేసి, తరంగవేగాన్ని 337 నుంచి 338.7కి సవరించడం మంచిది. అర శాతం మార్పు అది. తరంగవేగమే అంత ఖచ్చితంగా తెలియనప్పుడు ఈ సవరణలో నష్టమేమీ లేదు, సగటు తీయడంలో మాత్రం ఉంది.

ముక్కలు ఎంత చిన్నవైతే అంత మంచిదన్న అలవాటు ఖాళీలు ఏర్పడే లెక్కలో బెడిసికొడుతుంది. ఎక్కువగా వాడే నమూనాలో ఖాళీ మొత్తం నోడ్ దగ్గర ఒక బిందువులో కూడినట్టు, మిగతా ముక్కంతా నీరే ఉన్నట్టు భావిస్తారు. ఖాళీ ఆ ముక్క పరిమాణంలో పది శాతం మించితే ఈ ఊహ చెల్లదు, నోడ్ల మధ్య ఖాళీలు వంతులవారీగా మూసుకుంటూ నిజంలో లేని సూదిమొన శిఖరాలు పుట్టిస్తాయి. 100 మీటర్ల ముక్కలో నీరు 78.5 ఘనపు మీటర్లు, మన 3.8 ఖాళీ దానిలో ఐదు శాతం, ఫర్వాలేదు. అదే 25 మీటర్ల ముక్కలు చేస్తే 19 శాతం. అలాంటప్పుడు ప్రతి నోడ్ దగ్గరా కొద్దిపాటి గాలి ఉన్నట్టు భావించే వాయు నమూనా వాడితే ఆ మొనలు చాలావరకు తగ్గుతాయి.

ఘర్షణ విషయంలో ఒక మాట చాలు. పైపు ఘర్షణకు మామూలుగా వాడే డార్సీ-వైస్‌బాక్ గుణకం నిలకడైన ప్రవాహానికి పనికొస్తుంది. వేగం క్షణక్షణం మారుతున్నప్పుడు గోడ దగ్గర ఘర్షణ అంతకంటే ఎక్కువ. 1968లో జీల్కే దీనికి పద్ధతి చూపాడు. మొదటి శిఖరం మీద దీని ప్రభావం తక్కువ, తర్వాతి అలలు చల్లారే తీరు మీద ఎక్కువ. పైపు మందం తేల్చడానికి దీన్ని వదిలేయవచ్చు. లీకు వెతకడానికి అల చల్లారే తీరును వాడేవారు మాత్రం వదలకూడదు.

పంపు, నాన్ రిటర్న్ వాల్వు

పంపు తక్షణం ఆగుతుందన్న ఊహ ఎంతవరకు నిజం? 65 మీటర్ల హెడ్, సెకనుకు 1.18 ఘనపు మీటర్లు, 85 శాతం సామర్థ్యం అంటే షాఫ్టు మీద సుమారు 884 కిలోవాట్లు. 990 ఆర్‌పీఎం దగ్గర టార్క్ 8,500 న్యూటన్ మీటర్లు. మోటారు, పంపు కలిపి జడత్వం 100 కిలో-చదరపు మీటర్లనుకుంటే వేగం సగమయ్యేది 1.2 సెకన్లలో. అల రాకపోకకు పట్టే 5.86 సెకన్లతో పోలిస్తే ఇది తక్షణమే. ఫ్లైవీల్ పెట్టి ఈ సమయాన్ని పెంచవచ్చు గానీ పొడవాటి లైనుకు కావలసిన బరువు చూస్తే మోటారు స్టార్టు చేయడమే కష్టమవుతుంది. పొట్టి లైన్లకు మాత్రం ఇది చక్కటి, చెడిపోని ఉపాయం.

ఆగుతున్న పంపు ముందుకు తిరుగుతూ నీరు వెనక్కి రావచ్చు, తర్వాత పంపే వెనక్కి తిరగవచ్చు. తయారీదారు ఇచ్చే కర్వ్ మామూలుగా పనిచేసే ప్రాంతానిదే. మిగతా ప్రాంతాలకు సాఫ్ట్‌వేర్ తన దగ్గరున్న కొన్ని పాత పరీక్షల డేటాలో స్పెసిఫిక్ స్పీడు (పంపు రకాన్ని సూచించే సంఖ్య) దగ్గరగా ఉన్నదాన్ని తీసుకుంటుంది. నిలువు మిక్స్‌డ్ ఫ్లో పంపుకు సెంట్రిఫ్యూగల్ డేటా పెట్టి నడిపినా అందమైన గ్రాఫే వస్తుంది. రిపోర్టు చూసేవారు ముందు అడగవలసిన ప్రశ్నల్లో ఇదొకటి.

నాన్ రిటర్న్ వాల్వు ఆలస్యం మరో చోటు. రెక్క వాల్వు మూసుకునేలోపు నీరు వెనక్కి ఎంత వేగం అందుకుంటే అంత దెబ్బ: సెకనుకు 0.3 మీటర్లకు 31 మీటర్ల హెడ్. పంపు హౌస్‌లో వినిపించే ఢాం అన్న శబ్దం ఇదే. పక్కపక్కన నాలుగు పంపులు నడుస్తూ ఒక్కటే ట్రిప్పయితే ఇది ఇంకా తీవ్రం, ఎందుకంటే మిగతా మూడు మానిఫోల్డ్‌లో (పంపులన్నీ కలిసే పైపులో) పీడనం నిలబెట్టి ఆ ఒక్కదాని గుండా నీటిని క్షణంలో వెనక్కి తిప్పుతాయి. మొత్తం లైనుకు అన్ని పంపులూ ఒకేసారి ఆగడం చెడ్డ సందర్భం. వాల్వుకు మాత్రం ఒక్కటే ఆగడం చెడ్డది. రెండూ విడివిడిగా నడిపి చూడాలి.

గాలి గది, సర్జ్‌పూల్

మన ఉదాహరణలో అసలు దోషి ఖాళీ. అది ఏర్పడకుండా చూస్తే 323 రాదు. పంపు అవతల ఒక ఎయిర్ వెసెల్ పెడితే పీడనం పడగానే అందులో కుదించి ఉన్న గాలి నీటిని లైన్లోకి నెడుతుంది, స్తంభం తెగదు. లెక్కలో గాలికి పీడనం × ఘనపరిమాణం ఘాతం 1.2 స్థిరమని తీసుకుంటారు. వేడి పూర్తిగా బయటికి పోయేంత నెమ్మదైతే ఘాతం 1, అసలు పోనంత వేగమైతే 1.4. ఇదే తేడా న్యూటన్‌ను దెబ్బతీసింది. గాలిలో ధ్వని వేగానికి ఆయన 1 వాడి దాదాపు 15 శాతం తక్కువ చెప్పాడు, లాప్లాస్ 1.4తో దిద్దాడు. ఎయిర్ వెసెల్ ఈ రెంటికీ మధ్యలో పడుతుంది. ఇక్కడ గేజ్ పీడనం పెట్టడం తరచూ జరిగే తప్పు. సంపూర్ణ పీడనమే పెట్టాలి, 60 కాదు 70.3.

వెసెల్ ఎంత బాగా లెక్కగట్టినా నడిపేటప్పుడు ఒక సంగతి మరిస్తే వృథా: గాలి నీటిలో కరుగుతూ పోతుంది. కంప్రెసర్ చెడిపోయి, లెవెల్ గేజ్ ఎవరూ చూడకపోతే కొన్నాళ్లకు అది నీటితో నిండిన ఉక్కు డబ్బా. బయటికి చూస్తే రక్షణ ఉన్నట్టే ఉంటుంది. మెరకల దగ్గర పెట్టే ఎయిర్ వాల్వులకు వేరే జబ్బు. శూన్యం రాగానే గాలిని వేగంగా పీల్చడం మంచిదే, వదిలేటప్పుడు కూడా అంతే వేగంగా వదిలితే రెండు నీటి స్తంభాలు గాలి దిండు లేకుండా ఢీకొంటాయి. పీల్చడానికి పెద్ద రంధ్రం, వదలడానికి చిన్న రంధ్రం ఉన్నవి కావాలి.

సర్జ్‌పూల్ లెక్క వేరు. కాళేశ్వరం వార్తలతో ఈ మాట ఇంటింటికీ తెలిసింది. గాయత్రి పంప్‌హౌస్ లాంటి చోట ఒక్కోటి 139 మెగావాట్ల పంపులు ఏడు ఉన్నాయి. అవి నడవడం, ఆగడంతో సొరంగంలోని నీరు ముందుకూ వెనక్కూ ఊగుతుంది, ఆ ఊగులాటను మోసేది సర్జ్‌పూల్, అంటే సొరంగం చివర పంపుల పక్కన నీరు నిలిచే పెద్ద గొయ్యి. ఇక్కడ నీరు కుదించుకోవడాన్ని పట్టించుకోనక్కర్లేదు. సొరంగం నీరంతా ఒకే గట్టి స్తంభంగా కదులుతుందనుకుంటే చాలు, సమీకరణం లోలకానిదే. నాలుగు కిలోమీటర్ల సొరంగం, దాని కోతకు 20 రెట్ల వైశాల్యమున్న పూల్ అనుకుంటే ఒక ఊగుకు దాదాపు 570 సెకన్లు, తొమ్మిదిన్నర నిమిషాలు. అందుకే పంపులు ఆగిన వెంటనే మళ్లీ నడపడానికి ఎప్పుడు అనుమతించాలన్నది ఈ లెక్కే చెప్పాలి. పూల్‌లో మట్టం కిందికి పోతున్న సమయంలో అన్నీ ఒకేసారి స్టార్టు చేస్తే ఊగు మీద ఊగు పడి పంపు మునగవలసినంత మునగదు.

కొలిచి సరిచూడడం

కమిషనింగ్ రోజున లెక్కను కొలతతో పోల్చాలి. మన ఉదాహరణలో శిఖరం సెకను పాటే ఉంది. పది సెకన్లకోసారి విలువ రాసుకునే స్కాడా (పంపుహౌస్‌ను గమనించే కంప్యూటర్ వ్యవస్థ) దాన్ని పట్టుకోవడం అదృష్టం. ముల్లు గేజ్ అసలు పట్టుకోదు. సెకనుకు వంద నుంచి వెయ్యి నమూనాలు తీసే ప్రెజర్ ట్రాన్స్‌డ్యూసర్ కావాలి. దాన్ని పైపు గోడకే బిగించాలి. రెండు మీటర్ల సన్న ట్యూబు చివర తగిలిస్తే ఆ ట్యూబులోని నీరు తనకు తాను మోగుతుంది, అందులో ఒక గాలి బుడగ ఉంటే మరీ. రికార్డులో కనిపించే ఆ వణుకు పైపుది కాదు.

తరంగవేగాన్ని నిజంగా తెలుసుకోవాలంటే పంపు ట్రిప్పు రికార్డు పనికిరాదు, ఖాళీలు దాన్ని చెడగొడతాయి. ఆవిరి పీడనం దరిదాపులకు పోనంత చిన్న కదలిక ఇవ్వాలి. అప్పుడు ఒక చివర మూసి, మరో చివర తెరిచిన గొట్టం మోగే సూత్రమే ఇక్కడా: ఊగు కాలం పొడవుకు నాలుగు రెట్లను తరంగవేగంతో భాగిస్తే వచ్చేది, 11.7 సెకన్లు. ఇక్కడ ఫోరియర్ విశ్లేషణను గుడ్డిగా నమ్మకూడదు. 60 సెకన్ల రికార్డుకు స్పెక్ట్రమ్‌లో పక్కపక్క గీతలు 12 సెకన్లకు ఒకటి, 10 సెకన్లకు ఒకటి. వాటి మధ్య ఏమీ లేదు, సున్నాలు అతికించి పొడిగించినా కొత్త సమాచారం రాదు. వరుస శిఖరాల మధ్య సమయం కొలవడమో, చల్లారుతున్న సైన్ వక్రాన్ని అమర్చడమో మేలు.

కొలిచిన కాలం 14 సెకన్లు వచ్చిందనుకోండి. తరంగవేగం 857. గోడ మందం డ్రాయింగులో ఉన్నంత లేకపోవచ్చు, లేదా గాలి ఉండవచ్చు. లైన్ పీడనం దగ్గర పరిమాణంలో 0.03 శాతం గాలి, అంటే మూడు కిలోమీటర్ల పైపు మొత్తం మీద 0.7 ఘనపు మీటరు, ఈ తేడాకు చాలు. గాలి అంతటా పరుచుకోకుండా ఒక మెరక దగ్గర గూడు కట్టుకుంటే లక్షణం వేరు: అలలో కొంత భాగం అక్కడినుంచే తిరిగొస్తుంది. వాల్వు కదిపిన 1.6 సెకన్లకు రికార్డులో చిన్న పల్లం కనిపిస్తే 1,024 × 1.6 ÷ 2 = 819 మీటర్ల దగ్గర వెతకాలి. లీకు కూడా ఇలాగే పల్లం చూపిస్తుంది, పెద్ద వ్యాసానికి మారే జాయింటు కూడా చూపిస్తుంది. ఏది పాతది, ఏది కొత్తగా వచ్చిందో తేల్చడానికి లైను కొత్తగా ఉన్నప్పుడు, గాలంతా వదిలాక తీసిన రికార్డు ఒకటి దాచి ఉండాలి. అది లేని లైన్లలో 819 మీటర్ల దగ్గర తవ్వి చూడడం ఒక్కటే దారి.